మూడో బల్ల ఎడమ గడియ

రోహిణి కార్తె, మొదటి రోజు

ఎండకి ఆముదం డబ్బా ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. తుపాకుల కొట్టు నడిపేవాళ్లు రోజూ రాయకపోయినా, ఏదైనా జరిగిన రోజున మాత్రం రాసి తీరాలని నీళ్ల మీద తేలే మా ఊరి, అంటే మా మూడో బల్ల, కట్టుబాటు. ఇవాళ జరిగింది.

పొద్దున నాలుగో బల్లకి తాడు వెయ్యాలి. సైదయ్య బాబాయి తుపాకి దిమ్మ మీద ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కన్నూ దాదాపు మూసి, మీట నొక్కాడు. నూలుతో ఎగిరిన కొక్కెం వాళ్ల గురికొయ్యకి తగలలేదు. వెనక్కి లాగితే దాని చివర చేపల పులుసు గరిట వేలాడుతూ వచ్చింది. అవతల ఎవరో ఆడమనిషి గరిట కోసం మా వంశాన్నంతా తలుచుకుంటోంది. గరిట తిరిగి పంపాలంటే మళ్లీ తాడు వెయ్యాలి. ఆ రెండో కొక్కెం నాచులో పడింది.

పడవ మీద వెళ్లి ఇచ్చి రావచ్చుగా అని మా తాతల కాలంలో అయితే అనేవారు. ప్లాస్టిక్ తినడానికని గుర్రపుడెక్కను కొత్తగా పుట్టించిన మహానుభావులు, అది తిని బలిశాక ఏం చేస్తుందో ఆలోచించలేదు. సీసాలు తింది, వలలు తింది, ఫైబరు పడవల్ని అడుగులతో సహా తింది. ఇప్పుడు కొల్లేరు నిండా నాచులా, పడవ కదలనంత దట్టంగా, మనిషి నడిస్తే దిగబడేంత మెత్తగా పరుచుకుని కూర్చుంది. కాబట్టి ఏడు బల్లలకీ పాలైనా, మందులైనా, బడిపిల్లలైనా తాడు మీద బుట్టలోనే వెళ్లాలి. ముందు తుపాకితో నూలు, నూలుకి కట్టి కొబ్బరితాడు, దానికి కట్టి మోకు. బల్లలు గాలికి కదిలి మోకు తెంపుతాయి కనక ప్రతిసారీ కొత్తగా వెయ్యాలి.

బాబాయి తుపాకి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. కళ్లలో పొర కమ్మిందని, గురికొయ్యలు రెండు కనిపిస్తున్నాయని, ఇవాళ రెంటి మధ్యలో కొట్టి చూశానని చెప్పాడు. ఇక నాంచారుకి అప్పగించమన్నాడు.

అందరం సరేనన్నాం. అనక తప్పదు. ఏటా ఏడు తుపాకుల్నీ పరీక్షించే కలబోత నాటికి గురిమనిషి లేని బల్లకి లంగరు విప్పి పక్క బల్లకి కట్టేస్తారు. అప్పుడు మా ఇళ్లన్నీ నాలుగో బల్లవాళ్ల వంటిళ్ల వెనక సర్దుకోవాలి. నాలుగో బల్లవాళ్లు మంచివాళ్లే. కానీ పులుసులో బెల్లం వేస్తారు.

రోహిణి కార్తె, మూడో రోజు

నాంచారు మా బల్ల మీద బాతులు కాసే పిల్ల. పిల్ల అంటే ఇరవై దాటింది, నోరు ముప్పై దాటింది. ఒడిసెలతో గద్దని బెదరగొట్టి బాతుపిల్లని వదిలించిన చెయ్యి అది. ఆ చెయ్యి ఎడమది. మాకు దొరికిన చిక్కల్లా అదే.

తుపాకిని కుడి భుజాన పెట్టమన్నాం. కొక్కెం వెళ్లి నా వడియాల చాప మీద పడింది. తరువాత తన ఇష్టం వచ్చినట్టు ఎడమ భుజాన పెట్టుకుంది. నాలుగో బల్ల గురికొయ్యకి వరసగా మూడుసార్లు తగిలింది. గరిట కూడా తిరిగి వెళ్లిపోయింది. అవతల తిట్లు ఆగిపోయాయి.

కానీ మూడు దెబ్బలకే నాంచారు బుగ్గ కమిలింది, మోచేతి కింద చర్మం లేచింది. తుపాకి వెనక నోరు మూసి తీసే ఇనప గడియ ఉంటుంది. దాని పిడి కుడి పక్కకి ఉంటుంది, ఖాళీ తూటా కూడా కుడి పక్కకే ఎగురుతుంది. కుడిచేతివాళ్లకి అది గాల్లోకి పోతుంది. ఎడమ భుజాన పెట్టుకుంటే కాలే తూటా వచ్చి ముఖానికే ముద్దు పెడుతుంది. నూలు చుట్టిన డబ్బా ఎడమ పక్కన వేలాడుతుంది కనక నూలు మోచేతి మీదుగా కోసుకుంటూ పోతుంది.

నేను ఆముదం రాస్తుంటే నాంచారు పళ్ల బిగువున నవ్వింది.

"చిన్నప్పుడు మా అమ్మ ఈ చేతికి గుడ్డ కట్టి చూసింది రత్నత్తా. గుడ్డ చిరిగిపోయింది గానీ చెయ్యి మారలేదు. నాకు బాతుల తరవాత ఇష్టమైన పని ఇదొక్కటే. ఎలాగోలా చూడు."

చెయ్యి మార్చడం కంటే గడియ మార్చడమే తేలిక అనుకున్నాను. నా వయసులో కూడా నాకు ఇంత తెలివితక్కువ ధైర్యం ఉన్నందుకు సంతోషం వేసింది.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

అయింది. మునిగిన రైలు వంతెన ఇనుములోంచి నా వాటాగా వచ్చిన ముక్కతో ఎడమ గడియ చేశాను. పొడవు, లావు, కొన, లోపలి మొన అన్నీ కొలత ప్రకారమే. పిడి ఒక్కటి ఎడమకి, తూటాని లాగే గోరు ఎడమకి. తుపాకి ఒంటికి ఎడమ పక్కన పిడి దిగే గాడి, తూటా ఎగిరే కిటికీ కోశాను. నూలు డబ్బాని కుడి పక్కకి మార్చడం అరపూట పని. చివర్లో అలవాటు కొద్దీ గడియ మీద నా చేప ముద్ర కూడా కొట్టేశాను. ఏ భాగం పూర్తయినా ముద్ర కొట్టడం నా చేతికి వచ్చేసింది, బుర్రని అడగదు.

నాంచారు కొట్టింది చూడాలి. బుగ్గ చెక్కు చెదరలేదు, మోచెయ్యి చెక్కు చెదరలేదు. బల్లంతా వచ్చి చూశారు. సైదయ్య బాబాయి ఏమీ కనిపించకపోయినా చప్పుడు విని "తగిలింది" అన్నాడు. తగిలింది కూడా.

రోహిణి కార్తె, పదకొండో రోజు

చక్రధరం గారు వచ్చారు. బుట్టలో నిటారుగా కూర్చుని, తాటాకు గొడుగు పట్టుకుని, నాలుగో బల్ల నుంచి తేలుతూ వచ్చారు. కొలతల పెద్ద ఆయన. ఏడు బల్లల తుపాకులకీ ఆది అయిన మూల తుపాకి ఆయన దగ్గరే ఉంటుంది. కొత్త భాగం ఏది చేసినా ముందు దానిలో పట్టాలి.

కలబోత రోజున ఏడు తుపాకుల్నీ విప్పి, భాగాలన్నీ ఒకే చాప మీద పోసి, కలిపేస్తారు. గురిమనుషులు కళ్లకి గంతలు కట్టుకుని, చేతికి వచ్చింది తీసుకుని, అక్కడికక్కడే బిగించి కాల్చాలి. ఒక్క తుపాకి పేలకపోయినా అందరి సామానూ మళ్లీ ఆకురాయి కిందికి రావలసిందే. తుపాకి ఎవరి సొంతమూ కాదు, దానిలోని మరలూ ఎవరివీ కావు. విడిభాగాల సంచి ఒకటి తాడు మీద బల్ల నుంచి బల్లకి తిరుగుతూ ఉంటుంది. కావలసినవాళ్లు తీసుకుంటారు, ఎక్కువైనవాళ్లు వేస్తారు.

ఆయన నా ఎడమ గడియని అటూ ఇటూ తిప్పి చూశారు. పని బాగుందన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నేనెరిగి మొదటిసారి. తరువాత దాన్ని నాకు తిరిగి ఇచ్చేశారు.

"మా చెల్లెలు రాజ్యం చనిపోయిన ఏడాది నీకు గుర్తుందిగా రత్నమ్మా. రెండో బల్లవాళ్ల తుపాకి గడియ విరిగింది. సంచిలో గడియ ఉంది, కానీ వాళ్ల తుపాకి ఎవరో సోకు కోసం ఆకురాయి పట్టి సన్నం చేశారు. అది పట్టలేదు. మందు ఇవతల, మా చెల్లెలు అవతల. నేను చూస్తా నిలబడ్డాను. ఏ తుపాకిలోనైనా పట్టే గడియ తే, నాంచారు ఏ చేత్తో కొట్టినా నాకు అభ్యంతరం లేదు. పట్టకపోతే కలబోతకి ఇది రాకూడదు."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ప్రతి బల్లకీ ఒక ఎడమ గడియ అదనంగా చేసిస్తానన్నాను. గడియ ఇచ్చినా గాడి లేని తుపాకిలో అది ఎలా దిగుతుందని అడిగారు. సరైన ప్రశ్నే. మనిషి వెళ్లిపోయాక కూడా ఆ ప్రశ్న కొట్లోనే కూర్చుంది.

మృగశిర కార్తె, రెండో రోజు

తొలకరి పడింది. కప్పలు మొదలుపెట్టాయి.

పిడి ఎటు కావాలంటే అటు మరతో బిగించుకునే గడియ ఒకటి చేశాను. కుడి తుపాకిలో కుడికి బిగిస్తే సరిపోతుంది కదా అని. నాంచారు రెండుసార్లు కొట్టేదాకా బుద్ధిగా ఉంది. మూడోసారి పిడి ఊడి, ఎగిరి, సైదయ్య బాబాయి కల్లు ముంత పగలగొట్టింది. ఆయన పెంకులన్నీ ఏరాడు. గురి మాత్రం బాగుందని చివరికి ఒప్పుకున్నాడు.

నాంచారు నవ్వలేదు. కలబోత దగ్గరికి వస్తోంది. బాతుల్ని తోలుకొచ్చి కొట్టు ముందు కూర్చుని, కుడిచేత్తోనే నేర్చుకుంటానంది. నా వడియాల సంగతి గుర్తు చేశాను. అప్పుడూ నవ్వలేదు.

మృగశిర కార్తె, నాలుగో రోజు

కొంప మునిగింది. ఎడమ గడియ కనిపించడం లేదు.

కొట్టంతా వెతికాను. చివరికి సైదయ్య బాబాయి తనంత తానే వచ్చి, మొన్న కొట్టు శుభ్రం చేసిపెట్టానని, అరుగు మీద చేప ముద్రతో ఒక గడియ ఊరికే పడి ఉంటే సంచిలో వేసి పంపేశానని మురిసిపోతూ చెప్పాడు. ముద్ర తడిమి చూసి మరీ వేశాడట. పిడి ఎటు ఉందో ఎవరు చూశారు, గడియ అంటే గడియ.

సంచి అప్పుడే అయిదో బల్ల దాటింది. ఆ గడియ ఎవరైనా తీసుకుని, అవసరం వచ్చిన రోజున బిగించబోతే అది లోపలికి వెళ్తుంది కానీ మూసుకోదు. తుపాకి ఉత్త ఇనపకడ్డీ అవుతుంది. బల్ల నుంచి బల్లకి కేక వినిపించే బూర తీసుకుని చక్రధరం గారికి నేనే కబురు చెప్పాను. దాచితే దాగేది కాదు, దాచాలని కూడా అనిపించలేదు.

ఆయన ఏమీ తిట్టలేదు. దొరికేదాకా నా ముద్ర చెల్లదని మాత్రం బూరతో చెప్పించారు. అది తిట్టు కంటే ఎక్కువ. అన్ని బల్లలూ విన్నాయి.

మృగశిర కార్తె, ఆరో రోజు

దొరికింది. ఎలా దొరికిందో రాయాలంటే ఇప్పటికీ నవ్వాగడం లేదు.

ఆరో బల్ల గురిమనిషి ఇమ్మానియేలు తుపాకి భుజాన వేసుకుని బుట్టలో వచ్చాడు. ఆ మనిషి బుట్టలో ఉంటే మోకు సగం కిందికి వంగుతుంది. నేను క్షమాపణ చెప్పేలోపే, అటువంటి గడియ ఇంకొకటి కావాలన్నాడు.

మా ఏడు బల్లల్లో చిన్నప్పుడే నేర్పే కట్టుబాటు ఒకటుంది. ముద్ర ఉన్న భాగం సంచిలోంచి వచ్చి పట్టకపోతే, తప్పు భాగానిది కాదు, తుపాకిది. ఆకురాయి తుపాకి మీద పెట్టాలి. రెండో బల్ల సంగతి జరిగాక పెట్టిన నియమం అది. ఇమ్మానియేలు తన గడియ అరుగుతోందని సంచిలోంచి ఈ గడియ తీశాడు, బిగించాడు, మూసుకోలేదు. చేప ముద్ర చూశాడు. ఇన్నాళ్లూ తన తుపాకి తప్పుగా ఉందని సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా, బూర కూడా వినపడకుండా తలుపు వేసుకుని ఎడమ పక్క గాడి, కిటికీ కోసేశాడు. లోకంలో ఇంకెక్కడైనా అయితే గడియని నాచులోకి గిరాటు వేసేవారు.

"నాది కుడిచెయ్యే అక్కా. కానీ తుపాకి దిమ్మ మీద ఆనించే కదా కొడతాం, ఎడమ చెయ్యి ఊరికే పడి ఉంటాది. ఇప్పుడు కుడిచెయ్యి మీట మీదే ఉంచి ఎడం చేత్తో గడియ లాగుతున్నా. ఒక కొక్కెం తప్పితే వెంటనే రెండోది వేసేస్తున్నా. పాత గడియ కూడా దీంట్లో పడతంది, చూడు."

జేబులోంచి పాత కుడి గడియ తీసి బిగించాడు. మూసుకుంది. ఎడమది బిగించాడు. మూసుకుంది. నేను తుపాకి లాక్కుని నాలుగైదుసార్లు అదే పని చేశాను. రెండు పక్కలా గాడి ఉన్న తుపాకిలో ఏ గడియైనా పడుతుంది. నా కొట్లో నాంచారు తుపాకి కూడా రెండు పక్కలా గాడితోనే ఉంది. ఎడమ గడియ తీసి కుడిది పెట్టి చూడాలని నాకు ఒక్కసారీ తోచలేదు. నేను ఇన్నాళ్లూ గడియని అన్ని తుపాకులకీ సరిపెట్టాలని చూశాను. ఆకురాయి పెట్టవలసింది ఎక్కడో ఇమ్మానియేలుకి ఆలోచించకుండానే తెలిసింది.

మృగశిర కార్తె, తొమ్మిదో రోజు

చక్రధరం గారు ఇమ్మానియేలు తుపాకిని చూసి, రెండు పక్కలా కోస్తే ఒళ్లు బలహీనపడదా అని అడిగారు. నిజమే. దాన్ని దిమ్మకి కట్టి, రెట్టింపు మందు కూరి, మీటకి పొడవాటి తాడు కట్టి, అందరం నీళ్ల తొట్టి వెనక దాక్కుని లాగాం. బాతులు నాచు మీదికి పారిపోయాయి. తుపాకికి ఏమీ కాలేదు. ఆయన మళ్లీ అన్నారు, మళ్లీ లాగాం. సాయంత్రానికి నాంచారు బాతులు గుడ్లు పెట్టడం మానేస్తాయని బెదిరించింది.

అప్పుడు ఆయన తన మూల తుపాకి గుడ్డ విప్పారు. దానికి ఇప్పటిదాకా ఎవరూ ఆకురాయి తగిలించలేదు. దాన్నిబట్టే మిగతావి సరి, తప్పు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తుడిచారు. నేను ఆకురాయి అందించబోతే అక్కర్లేదని తనదే తీసుకున్నారు. ఎడమ పక్కన గీత గీసి ఆకురాయి పట్టడం మొదలుపెట్టారు. గీత వణకలేదు. పని అయ్యాక ఇనప రజను ఉఫ్ మని ఊది, నా ముద్ర మళ్లీ చెల్లుతుందన్నారు. నేను ముక్కు చీదుకోవడానికి పక్కకి వెళ్లాను.

మిగతా అయిదు తుపాకులూ ఆరిపోయిన దీపాల్లా నా కొట్లో వరసగా పడి ఉన్నాయి. అన్నిటికీ గాళ్లు కొయ్యాలి. అన్నం ఎవరైనా వండి పెడితే బాగుండును.

మృగశిర కార్తె, చివరి రోజు

కలబోత అయింది. చాప మీద భాగాలన్నీ కుప్ప. గంతలు కట్టుకున్న ఏడుగురూ తవుడులో కోళ్లలా కెలికారు. ఎడమ గడియ ఒక్కటే ఉంది. కళ్లు కట్టినా వేళ్లకి పిడి తెలుస్తుంది కదా, నాంచారు చెయ్యి, ఇమ్మానియేలు చెయ్యి ఒకేసారి దాని మీద పడ్డాయి. ఎవరిదో సన్నటి చెయ్యి అని ఇమ్మానియేలుకి తెలిసినట్టుంది, వదిలేశాడు. ఇది చెల్లుతుందా అని ఎవరో అడిగితే, కళ్లకి గంతలు కట్టాలని ఉంది కానీ వేళ్లకి కట్టాలని లేదన్నారు చక్రధరం గారు.

ఏడు తుపాకులూ పేలాయి. మూడో బల్ల గురిమనిషి నాంచారు. మా లంగరు మా దగ్గరే ఉంది. రాత్రి పులుసులో బెల్లం లేదు.

ఆరుద్ర కార్తె, అయిదో రోజు

పొద్దుటి నుంచి గాలి, వాన. మధ్యాహ్నం బూర మోగింది. అయిదో బల్లలో వెంకాయమ్మని కట్లపాము కరిచింది. విరుగుడు మందు మా పెట్టెలో ఉంది. ఇక్కడి నుంచి నాలుగో బల్లకి, అక్కడి నుంచి అయిదుకి వెళ్లాలి. ఆ వెంటనే నాలుగో బల్ల నుంచి ఇంకో బూర. వాళ్ల గడియ గోరు విరిగింది. సంచి చూస్తే ఆ చివర ఒకటో బల్లలో ఉంది.

నాంచారు మొదటి కొక్కెం గాలి కొట్టేసింది. రెండోది తగిలింది. నూలు, తాడు, మోకు, బుట్ట. మందు బుట్టలో పెట్టాను. పెట్టి నిలబడిపోయాను. నాలుగో బల్ల దాకా వెళ్లి ఆ మందు ఏం చేస్తుంది. అవతల వానలో గొడుగు లేకుండా చక్రధరం గారు నిలబడి ఉన్నారు. ఆయన ఇలా నిలబడడం ఇది రెండోసారి అని నాకు తెలుసు.

నాంచారు తన తుపాకిలోంచి ఎడమ గడియ ఊడలాగి బుట్టలో మందు పక్కన పెట్టింది. పెట్టాక తన చెయ్యి చూసుకుని, గాలికి వినపడేలా అరిచింది.

"పుర్రచేత్తో ఇస్తన్నా చక్రధరం గారూ, ఏమనుకోకండి!"

బుట్ట వెళ్లింది. ఆయన ముందు గడియ తీసుకున్నారు. నేను వానలో కళ్లు చికిలించి చూశాను. లోపలికి వెళ్లింది. మూసుకుంది. ఆకురాయి పెట్టలేదు. వాళ్ల కుడిచేతి గురిమనిషి ఎడమ చేత్తో గడియ లాగి, అయిదో బల్లకి కొట్టాడు.

వెంకాయమ్మ సాయంత్రానికి కళ్లు తెరిచిందని బూర వచ్చింది. మొదట పాముని తిట్టిందట.

ఆరుద్ర కార్తె, ఏడో రోజు

గాలి తగ్గింది. చక్రధరం గారు గొడుగుతో, విరిగిన గడియతో వచ్చారు. గోరు మార్చి సంచిలో వెయ్యమన్నారు. నాంచారు, నా ఎడమ గడియ ఏదండీ అని అడిగింది.

"నీదేంటమ్మా. అది నాలుగో బల్ల తుపాకిలో ఉంది, పని చేస్తంది. సంచిలో ఏది వస్తే అది తీసుకో."

నాంచారు నా వైపు చూసింది. ఏడుద్దామా నవ్వుదామా అన్నట్టుంది ముఖం. నేను చేసిన గడియని, నెలపాటు నిద్ర చెడగొట్టుకున్న గడియని, ఆయన మిగతా గడియలన్నిటిలాగే చూస్తున్నారు. కలబోతకి రాకూడదన్న గడియ అది. నాకు కడుపు నిండిపోయింది. నాంచారు కూడా నవ్వేసింది.

ఆయన బుట్ట ఎక్కి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. సంచిలో ఎడమ గడియలు ఒక్కటి కూడా లేవని, నా కొట్టు ఏం చేస్తున్నట్టని అడిగారు. నాలుగు కావాలన్నారు.

కొలిమి రాజేశాను. సంచి మా దగ్గర నుంచి ముందు ఆరో బల్ల వైపే వెళ్తుంది, మళ్లీ మా దగ్గరికి వచ్చేది ఆఖర్న, ఇమ్మానియేలు ఎలాగూ ఒకటి కాజేస్తాడు, నాంచారు దాకా వచ్చేసరికి ఏమీ మిగలకపోవచ్చు. అందుకని అయిదు చేస్తున్నాను.